కాలి కింద కాగితం

ఆదివారం ఉదయానికి ఆయన వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి అత్తగారు వస్తారు. కాఫీ తాగుతారు. రికార్డు వింటారు. ఆ తర్వాత ఆవిడ కొడుకు ఆవిణ్ని కారులో వెనక్కి తీసుకెళ్తాడు. రికార్డు మూడు నిమిషాలకు మించదు. ఆలస్యమంటూ జరిగితే కాఫీ దగ్గర జరగాలిగాని రికార్డు దగ్గర జరగకూడదని ఆయన లెక్క.

ఆయనది కళ్లజోళ్ల దుకాణం. వీధిలో అందరూ కళ్లజోళ్లాయన అంటారు. ఫ్రేములో అద్దం వెంట్రుకవాసి పక్కకు జరిగినా పెట్టుకున్నవాడికి తలనొప్పి వస్తుందని ఆయనకు తెలుసు. ఆ అలవాటు దుకాణంలో వదిలిపెట్టి రావడం ఆయనకు చేతకాలేదు. ఎవరింటికి వెళ్లినా గోడమీద పటం వంకరగా ఉంటే కూర్చోడు. సరిచేసి కూర్చుంటాడు.

ఆయన కాపురం ఉండేది మేడమీద వాటాలో. ముందు గదిలో ఒక గోడ పొడవునా, నేల నుంచి కప్పు దాకా అరలు. కింది అరల్లో లక్క రికార్డులు. అవి బరువు. జారితే పగులుతాయి. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగి, పాట పల్లవిలో ఉండగానే అయిపోయినట్టు అనిపిస్తాయి. వాటి పైన వినైల్ రికార్డులు. అవి తేలిక. వంగుతాయిగాని పగలవు. ముప్ఫై మూడు చుట్లతో నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి ఒక పక్క అయ్యేలోగా స్నానం చేసి రావచ్చు. ఇంకా పైన నలభై అయిదు చుట్ల చిన్న రికార్డులు. వాటి మధ్య చిల్లు పెద్దది. అందులో ప్లాస్టిక్ బిళ్ల ఇరికిస్తేగాని ప్లేయర్ మీద కూర్చోవు. ఇంటికి వచ్చినవాళ్లకు ఆయన ఈ వరసలోనే చెప్తాడు. లక్క పురుగుతో మొదలుపెడతాడు. రెండో అరకు వచ్చేసరికి వచ్చినవాళ్లు గోడ గడియారం చూస్తారు. పై అర దాకా విన్నవాళ్లు అరుదు.

ఆయన భార్య రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. రికార్డుల కబురు ఎత్తగానే వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది ఆవిడకు. బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. ఆ గదిని అతను పెంకుల కొట్టు అంటాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తవారి వైపు నుంచి ఒక్కరు కూడా ఆ అరల్లోంచి ఒక పాట వేయమని అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడు అడిగారు. అడిగింది అత్తగారు.

మామగారు రేడియో స్టేషన్లో రికార్డింగ్ యంత్రాల దగ్గర పనిచేసేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కిందటి వారం బావమరిది అటక దులుపుతుంటే మామగారి ట్రంకుపెట్టె అడుగున ఒక రికార్డు బయటపడింది. పళ్లెమంత లోహపు బిళ్ల, దానిమీద నల్లటి పూత. మధ్యలో అంటించిన కాగితం ఎప్పుడో ఊడిపోయింది. టేపులు రాకముందు రేడియోవాళ్లు ఇలాంటి బిళ్లల మీదే గొంతును అక్కడికక్కడ చెక్కేవారు. ఇవి ఫ్యాక్టరీలో వందల కొద్దీ అచ్చు పోసినవి కావు. చెక్కినది ఒకటే, ఉండేది ఒకటే. పైగా పూత మెత్తన. సూది దింపిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది.

అత్తగారు దాన్ని పాత తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని మెట్లెక్కారు. కాఫీ వద్దన్నారు.

"ముఖానికి ఫోటో ఉంది బాబూ. రోజూ చూస్తాను," అన్నారు. "గొంతుకి ఫోటో లేదు కదా. మొన్నొకరోజు గుర్తు తెచ్చుకుందామని పనంతా మానుకుని కూర్చున్నాను. మాటలు గుర్తొచ్చాయి. గొంతు రాలేదు."

కళ్లజోళ్లాయన తువ్వాలు విప్పాడు. రికార్డును అంచుల దగ్గర రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెలుతురుకు ఎదురుగా వంచి చూశాడు. సూది నడిచే గాడులు చెక్కుచెదరలేదు. బూజు లేదు. లోపల గొంతు ఉందన్నమాట.

"అందులో ఆయనే ఉన్నారంటావా?" అన్నారు అత్తగారు.

"చూద్దాం అత్తయ్యా."

ముందు ముప్ఫై మూడు మీద పెట్టాడు. సూదిని అంచున దించాడు. నూతిలోంచి ఎవరో మూలిగినట్టు వినిపించింది. మూలుగు పూర్తికాకముందే సూది బయటివైపుకు జరిగి, అంచు దాటి, పక్కన పడింది. స్పీకర్లో తలుపు వేసినంత చప్పుడయింది.

"ఇది ఆయన కాదు," అన్నారు అత్తగారు. "ఆయన గురక కూడా ఇలా ఉండదు."

సూది మార్చాడు. వేగం డెబ్బై ఎనిమిదికి పెట్టాడు. మళ్లీ అంచున దించాడు. ఈసారి గరగర మధ్య నుంచి ఒక్క మాట, మగగొంతు, స్పష్టంగా వచ్చింది.

"...పెట్టండి."

సూది మళ్లీ జారిపోయింది.

అత్తగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఆయనే," అన్నారు.

"ఏం పెట్టమంటున్నాడు నాన్న?" అన్నాడు బావమరిది.

"విననివ్వరా. అల్లుడుగారు వేస్తారుగా."

అల్లుడుగారు వేయలేదు. ఆయన చెయ్యి సూది మీద ఆగిపోయింది. ఇంకోసారి దించితే ఇంకాస్త అరుగుతుంది. కారణం తెలియకుండా దించకూడదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ప్లేయర్‌ను పక్కనుంచి చూశాడు. ఒక కన్ను మూసుకుని చూశాడు. ఆ తర్వాత తీర్పు చెప్పాడు.

"బల్ల ఒరిగింది."

దుకాణం నుంచి తెచ్చుకున్న కళ్ల పరీక్ష అట్ట ఒకటి మూలన ఉంది. పై వరసలో పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్న అక్షరాలు ఉండే అట్ట. దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల కాలి కింద దూర్చాడు. సూది దించాడు. "...పెట్టండి," అని సూది జారిపోయింది.

"బావా, నీ మిగతా రికార్డులు ఈ బల్లమీదే పాడుతున్నాయిగా?" అన్నాడు బావమరిది.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కళ్లజోళ్లాయన లేచి నిలబడ్డాడు. "అక్కడే ఉంది. మామూలు రికార్డుల గాడి లోతుగా ఉంటుంది. బల్ల ఒరిగినా సూదిని పట్టుకుని వదలదు. ఇది మెత్తటి పూత. పైపైన చెక్కింది. వంపు ఏమాత్రం ఉన్నా సూదిని నిలబెట్టుకోలేదు. వాటికి కనపడని వంపు దీనికి కనపడుతోంది."

ఇది చాలా తెలివైన వివరణ. తప్పు అన్న ఒక్క లోపం తప్ప ఇందులో ఇంకే లోపమూ లేదు.

బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు. వాలు కొలిచే యాప్ ఉందన్నాడు. పార్కింగ్ నేర్పడానికి పెట్టుకున్నాడట. ఫోన్‌ను బల్లమీద పడుకోబెడితే ఒక డిగ్రీ చూపించింది. నేలమీద పెడితే ఒకటిన్నర చూపించింది.

"బల్ల కాదు బావా. నేలే ఒరిగింది."

"ఎటువైపు?" అని వంటింట్లోంచి భార్య అడిగింది. కుళాయి హోరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. వినపడి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

మేడమీద నేల ఒరిగితే కింద చదునుగా ఉంటుందని తేల్చుకున్నారు. కింది వాటాలో దర్జీ ఉంటాడు. అతని దగ్గర బట్ట కత్తిరించే బల్ల ఉంది, ఆరడుగుల పొడవు. బావమరిది ప్లేయర్ మోశాడు, కళ్లజోళ్లాయన స్పీకర్ మోశాడు. అత్తగారు రికార్డును ఎవరికీ ఇవ్వకుండా తనే పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగారు.

దర్జీ బట్టలన్నీ పక్కకు నెట్టి చోటిచ్చాడు. సూది దిగింది. "...పెట్టండి." సూది జారింది.

"ఇక్కడా ఒరిగిందా?" అన్నాడు దర్జీ.

"పైన ఒరిగి, కింద కూడా ఒరిగిందంటే గది కాదండీ," అన్నాడు కళ్లజోళ్లాయన. గొంతు తగ్గించి అన్నాడు. "ఇల్లే ఒరిగింది."

దర్జీ ముఖంలో భయం కనపడాల్సింది. కనపడలేదు. అతను బల్లను ఒకసారి, గోడను ఒకసారి చూసి, కుర్చీలో కూలబడి పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఇంతకాలం నన్ను నేనే తిట్టుకున్నాను సార్. నేను కుట్టిన ప్యాంటుకి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అంటారు అందరూ. మా ఆవిడైతే కళ్లు చూపించుకోమని మీ దగ్గరికే తోలింది. ఇల్లు ఒరిగితే నేనేం చేస్తాను?"

"నేను రాసిచ్చిన నంబరు కూడా సరైనదే మరి," అన్నాడు కళ్లజోళ్లాయన.

ఊరట తీరాక దర్జీకి భయం గుర్తొచ్చింది. మెట్ల దగ్గరికి వెళ్లి పైకి చూసి కేకేశాడు. అతని కేకలో రికార్డు లేదు, సూది లేదు. ఇల్లు ఒరిగింది, దిగండి అన్న రెండు ముక్కలే ఉన్నాయి. రెండో అంతస్తులో కాపురముండేవాళ్లు దిగారు. వాళ్లను చూసి పక్క వాటావాళ్లు దిగారు. ఒకాయన సగం గడ్డం గీసుకుని దిగాడు. ఒకావిడ ఇస్త్రీ పెట్టె పట్టుకుని దిగింది, తీగ మెట్లమీద ఈడ్చుకుంటూ. అందరూ వీధిలో నిలబడి ఇంటిని చూశారు. అలా చూస్తే ఏ ఇల్లయినా కొంచెం ఒరిగినట్టే కనిపిస్తుంది. కుడివైపుకని కొందరు, ఎడమవైపుకని కొందరు అన్నారు. ముందుకని ఒకాయన అన్నాక అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

దర్జీ తన కుర్చీ తెచ్చి వీధిలో వేస్తే అత్తగారు అందులో కూర్చున్నారు. రికార్డు ఒళ్లో ఉంది.

"ఇల్లు సంగతి తర్వాత చూడండి బాబూ," అన్నారు. "ముందు ఇదెక్కడైనా వేయండి."

ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. కొత్తగా కట్టిన షాపు, గాజు కౌంటరు. జిరాక్స్ అతను కౌంటరు తుడిచి చోటిచ్చాడు. ఇల్లు ఒరిగినవాళ్లకు ఆ మాత్రం సాయం చేయాలన్నాడు. కళ్లజోళ్లాయన రికార్డు అంచును ముందు భూతద్దంతో చూశాడు. చూసి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. ఏం కనపడిందో ఎవరికీ చెప్పలేదు. సూది దించాడు.

గరగరలోంచి "...ట్టండి" అని వచ్చింది. సూది జారింది.

"ఇందాకటికన్నా సన్నగా వినిపించింది," అన్నారు అత్తగారు.

కళ్లజోళ్లాయన సూదిని ఎత్తి పక్కకు పెట్టాడు.

"ఆ మాట అరిగిపోతోందా?"

"కొంచెం అత్తయ్యా."

"ఉన్నది ఆ ఒక్క మాటే కదా," అన్నారు ఆవిడ. నిష్ఠూరంగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అన్నారు. ఆయనకు అది నిష్ఠూరం కన్నా కష్టంగా తోచింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఈ ఇంటివాళ్లు తన చేతికి ఒకే ఒక్క రికార్డు ఇచ్చారు. దాన్ని తనే తుడిచేస్తున్నాడు.

జిరాక్స్ అతనికి ఇదేమీ పట్టలేదు. అతని ఆలోచన ఇంకోచోట ఉంది. "అంటే సార్, మా షాపు కూడా ఒరిగిందా?"

"అలాగే కనపడుతోంది."

"అందుకే కాపీలు వంకరగా వస్తున్నాయి. కాగితం సరిగా పెట్టడం రాదని మా నాన్న రోజూ తిడతాడు. మీరొకసారి ఆయనతో ఈ మాట చెప్పాలి సార్."

బావమరిది కూడా ఆలోచనలో పడ్డాడు. అతను కారు నేర్పేది ఈ వీధిలోనే. "నా దగ్గర నేర్చుకున్నవాళ్లు కారు వెనక్కి తీస్తే ఎడమకే ఎందుకు పోతారా అనుకునేవాణ్ని," అన్నాడు.

ఇల్లు కాదు, వీధే ఒరిగిందన్న వార్త ఆ చివర దాకా పాకింది. ఆశ్చర్యమేమిటంటే దానికి దిగులుపడినవాళ్లు తక్కువ. ప్రతివాడికీ ఎన్నాళ్లుగానో సరిగా కుదరని పని ఏదో ఒకటి ఉంది. దానికి ఇప్పుడు కారణం దొరికింది. సగం గడ్డం ఆయన చెంప మీద గాటు చూపించి, అద్దం వంకర అనుకున్నాను, నేల అనుకోలేదు అన్నాడు.

అప్పుడు వచ్చింది ఇంజనీరమ్మ. భవనాలు కట్టించే కంపెనీలో ఆవిడ ఉద్యోగం. బావమరిది దగ్గర ఆదివారాలు కారు నేర్చుకుంటుంది. క్లాసుకు వచ్చేసరికి వీధి నిండా జనం.

"ఏంటి సార్, కారు కోసం ఇంతమందిని పక్కకు తప్పించారా?" అంది.

"కారు తర్వాత నేర్చుకుందువుగాని, ముందు వీధి చూడమ్మా. ఒరిగింది," అన్నాడు బావమరిది.

ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి తాపీమేస్త్రీలు వాడే రసమట్టం తీసింది. చెక్కలో చిన్న గాజు గొట్టం, అందులో ఒక బుడగ. బుడగ నడిమికి వస్తే చదును, పక్కకు పోతే వాలు. జిరాక్స్ కౌంటరు మీద పెట్టింది. బుడగ నడిమికి వచ్చి నిలబడింది. షాపు అరుగు మీద పెట్టింది, నడిమే. దర్జీ బల్లమీద పెట్టింది, నడిమే. తిప్పి పెట్టి చూసింది. నడిమే.

"ఇవన్నీ చదునుగానే ఉన్నాయి," అంది.

ఎవరూ సంతోషించలేదు. దర్జీ ఇంకోసారి చూడమన్నాడు. జిరాక్స్ అతను ఆ పరికరం పాతదేమోనన్నాడు.

"మరి సూది ఎందుకు జారుతోంది?" అన్నాడు కళ్లజోళ్లాయన.

అప్పటికి ఆయన భార్య స్టవ్ ఆపి, తలుపు తాళం వేసి, తల్లి కోసం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని దిగివచ్చింది. వీధిలో అంతమందిని చూసి ఏమయిందని తమ్ముణ్ని అడిగింది. అతను మొదటినుంచి చెప్పాడు. ఆవిడ కాఫీ తల్లికి ఇచ్చి, మొగుడి దగ్గరికి వచ్చింది.

"మా ల్యాబ్‌లో ఒకరోజు పొద్దున వచ్చినవాళ్లందరికీ షుగర్ ఉందని వచ్చింది. ఊరంతటికీ షుగర్ వచ్చిందని మేం రిపోర్టు ఇవ్వలేదండీ. పరీక్షలో కలిపే మందు సీసా మార్చాం."

"అయితే?"

"అన్నిచోట్లా ఒకటే జరుగుతుంటే తప్పు చోటుది కాదు. అన్నిచోట్లకీ మోసుకెళ్లిందేమిటో దానిది."

"మోసుకెళ్లింది ఏమిటి?"

"ఆ రికార్డు," అంది. ఒక్క క్షణం ఆగి, "మిమ్మల్ని కూడా," అంది.

బావమరిది దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

"ఈ ప్లేయర్ని ఇప్పటికి ఎన్ని దిక్కులకి తిప్పి పెట్టుంటారు? వాలు ఉంటే ఒకచోట బయటికి జారింది ఇంకోచోట లోపలికి జారాలి. మీ సూది ఎటు తిప్పినా బయటికే పోతోంది. అది జారడం లేదు. గాడి ఎటు పోతే అటు పోతోంది. లోపలినుంచి మొదలై బయటికి వచ్చే రికార్డులు ఉంటాయని మీరే చెప్పారు కదా."

"నేనా? ఎప్పుడు?"

"పెళ్లయిన కొత్తలో. తొలిరోజుల్లో ఒక కంపెనీవాళ్లు మధ్యలోంచి మొదలయ్యేట్టు చేసేవారని, సూది బయటికి నడిచేదని, కొన్నవాళ్లు తెలియక అంచు మీద పెట్టి పాడుచేసుకునేవారని. రేడియోవాళ్లు కూడా కొన్ని అలా చెక్కేవారని. కింది అరలోంచి ఒకటి తీసి చూపించారు కూడా."

"నువ్వు విన్నావా అదంతా?"

"అప్పుడు నాకు జ్వరం. లేచి పోలేకపోయాను."

ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. చాలామందికి చెప్పినదే. కాని అది కింది అరకు, లక్క రికార్డులకు సంబంధించిన సంగతి. ఈ బిళ్ల లక్కది కాదు, ఏ అరలోనూ ఉన్నది కాదు. రికార్డులతో పాటు తెలిసినదాన్ని కూడా ఆయన అరల్లోనే సర్దుకున్నాడు. ఏ అరలో వెతకాలో తెలియనప్పుడు అది అక్కరకు రాలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. రికార్డు లోపల మొదలై అంచున ముగుస్తుంది. పొద్దుటి నుంచి తను అంచు మీద దించి దించి అరగదీసింది మొదటి మాటను కాదు. చివరి మాటను.

అత్తగారి కుర్చీని కౌంటరు దగ్గరికి జరిపారు. బావమరిది ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి స్పీకర్ పక్కన పట్టుకున్నాడు. కళ్లజోళ్లాయన సూదిని ఈసారి మధ్యలో, కాగితం ఊడిపోయిన మచ్చ పక్కన దించాడు. చెయ్యి వెంటనే తీయలేదు. సూది దాని దారిన అది బయటివైపుకు నడవడం మొదలుపెట్టాక తీశాడు.

"ఒకటి, రెండు, మూడు," అంది మగగొంతు. "ఇది పరీక్ష. కొత్త సూది. వినపడుతోందా? ఆ కిటికీ వేయండి, బస్సు చప్పుడు వస్తోంది. ఒకటి, రెండు, మూడు."

వీధిలో ఇస్త్రీ పెట్టె ఆవిడ కూడా కదలకుండా నిలబడింది. ఇంకాసేపు అంకెలే. తర్వాత ఎవరో పక్కన ఏదో అడిగారు. గొంతు అటు తిరిగి జవాబు చెప్పింది. "లేదండీ, ఇవాళ త్వరగా వెళ్లాలి. దారిలో కుట్టు సూదుల పొట్లం కొనాలి. ఈసారి కూడా మర్చిపోతే మా ఇంటావిడ తలుపు తీయదు."

"మర్చిపోయారు," అన్నారు అత్తగారు.

"తలుపు తీశావా అమ్మా?" అంది కూతురు.

"ఉండవే, విననీ."

గొంతు మళ్లీ అంకెలు లెక్కపెట్టింది. సూది అంచుకు దగ్గరయింది. కళ్లజోళ్లాయన తల వంచి దాన్నే చూస్తున్నాడు. ఇంక పది పదిహేను చుట్లు ఉన్నాయి. రేడియో స్టేషన్లో కుర్చీ జరిగిన చప్పుడయింది. మామగారి గొంతు కొంచెం విసుగ్గా పలికింది.

"ఇదిగో చూడండి, సూది ఎందుకు వణుకుతోందా అనుకుంటున్నాను. బల్ల ఒరిగింది. కాలి కింద కాగితం..."

తర్వాత గరగర. పొద్దుటి నుంచి అందరూ విన్న ఆ ఒక్క మాట అక్కడ లేదు.

"పెట్టండి," అన్నారు అత్తగారు.

సూది అంచు దాటి పక్కన పడింది.

బావమరిది అప్పుడుగాని ఫోన్ ఆపలేదు. అందుకని ఈరోజుకీ వాళ్లింట్లో ఉన్న ఆ రికార్డింగ్‌లో మామగారు మొదలుపెట్టిన వాక్యాన్ని అత్తగారు ముగిస్తారు. కుట్టు సూదుల దగ్గర కూడా ఆవిడే వినిపిస్తారు.

"క్షమించండి అత్తయ్యా. ఆ చివరి మాట నేనే..." అన్నాడు కళ్లజోళ్లాయన.

"పోనీ బాబూ. ఆ మాట ఎలా అంటారో నాకిప్పుడు గుర్తుంది," అన్నారు ఆవిడ. తర్వాత కూతురి వైపు తిరిగారు. "బల్ల ఒరిగిందని మీ నాన్న రోజూ అనేవారు. అన్నం తినేటప్పుడు కూడా అనేవారు. ఆయనతో పడలేకే కదా నీకు చదునైనవాణ్ని వెతికాం."

వీధిలో నవ్వు మొదలయింది. జనం ఒక్కొక్కరే ఇళ్లకు కదిలారు. దర్జీ, జిరాక్స్ అతను మాత్రం నవ్వలేదు. వాళ్ల కారణాలు వాళ్లకు పోయాయి.

ఇంజనీరమ్మ రసమట్టం సంచిలో పెట్టుకోబోయి ఆగింది. "ఫోన్‌లో ఒకటిన్నర డిగ్రీ వచ్చిందన్నారు కదా. అది ఎక్కడ?" అంది.

అందరూ మళ్లీ మేడెక్కారు. ముందు గదిలో ఆవిడ రసమట్టాన్ని నేలమీద పెట్టింది. బుడగ నడుమ ఆగలేదు. గొట్టం చివరికి పోయి అక్కడ కూర్చుంది. గదిలో నాలుగుచోట్ల పెట్టి చూసింది.

"ఇక్కడ మాత్రం ఒరిగింది సార్. నిజంగానే. నేల ఈ గోడవైపుకి దిగింది." ఆవిడ లేచి గోడను పైనుంచి కిందిదాకా చూసింది. "ఈ అరల్లో ఏమున్నాయి?"

కళ్లజోళ్లాయన నోరు తెరిచాడు. లక్క పురుగు దగ్గర మొదలుపెట్టబోయాడు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"బరువున్నవన్నీ కిందే ఉన్నాయమ్మా," అంది. "ఎక్కడికి మార్చాలో చెప్పు."

ఇంజనీరమ్మ కింది వాటాకు మార్చమంది, ఆలస్యం చేయొద్దంది. ఇల్లు పడిపోదుగాని, ఇంకో వరస లక్క రికార్డులు కొనే ఆలోచన ఉంటే ముందు తనకో మాట చెప్పమంది. దర్జీ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. పైన ఉంటే నెత్తిమీద పడతాయి, ఇంట్లో ఉంటే పక్కన ఉంటాయి, పక్కనే నయం అన్నాడు. ఆ సాయంత్రం మోతలయ్యాక కళ్లజోళ్లాయన అతనికి కింది అర గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బల్లమీద సగం కుట్టిన ప్యాంటు ఉండడం వల్ల దర్జీ లేచి పోలేకపోయాడు.

మర్నాడు మేడమీద బల్ల కాలి కింద నుంచి కళ్ల పరీక్ష అట్టను తీసేయబోతే భార్య తీయనివ్వలేదు. అమ్మ వచ్చినప్పుడు చూస్తానంటుంది, ఉండనీండి అంది. బరువు దిగి నేల ఇప్పుడు చదునుకు వచ్చింది కాబట్టి, ఆ అట్ట వల్ల బల్ల ఒక పక్కకు ఒరిగింది. రికార్డులన్నీ బాగానే పాడుతున్నాయి.